ఊపిరి బిగపట్టి చూడండి

గదిలో లైట్లు ఆర్పేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టినా అంచుల వెంట ఎండ లోపలికి వస్తూనే ఉంది. తెర మీద ఒక మనిషి నోరు, నోట్లోంచి బయటికొచ్చిన గొట్టం, దాన్ని పెదవి మూలకు పట్టి ఉంచిన తెల్లటి ప్లాస్టర్. కళ్ళూ నుదురూ ఫ్రేములోకి రాకుండా తీశారు. వెంటిలేటర్ గాలి తోసినప్పుడల్లా గొట్టంలో కఫం గురగురమంటోంది. మీరు వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. మీ ముందు నర్సింగ్ చివరి ఏడాది అమ్మాయిలు. గోడ పక్కన, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చున్న స్టాఫ్ నర్సులు. వాళ్ళలో ఒకామెకు అప్పుడే రెప్పలు వాలిపోతున్నాయి.

ట్యూటర్ మేడం వీడియో ఆపారు.

"ఇప్పుడు సక్షన్ చెయ్యబోతోంది. క్యాథెటర్ గొట్టంలోకి దిగగానే మీరందరూ ఊపిరి బిగపట్టండి. అది బయటికి వచ్చేదాకా వదలొద్దు."

తమిళంలో చెప్పారు. కుప్పం నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయికి సగమే అర్థమైనట్టుంది, పక్కనున్న హోసూరు అమ్మాయి వైపు చూసింది. "ఊపిరి పట్టుకోమంటున్నారే," అని ఆమె తెలుగులో గొణిగింది.

మీరూ పట్టుకోండి.

తెర మీద గ్లవ్ వేసుకున్న చెయ్యి సన్నటి క్యాథెటర్‌ను గొట్టంలోకి దించుతోంది. క్యాథెటర్ మొదట్లో చిన్న రంధ్రం ఉంది, దాని మీద బొటనవేలు ఇంకా పడలేదు. అంటే లోపలికి వెళ్ళేటప్పుడు అది దేన్నీ పీల్చడం లేదు. లోపల దేనికో తగిలి ఆగింది. చెయ్యి దాన్ని కాస్త వెనక్కి తీసింది. ఇప్పుడు బొటనవేలు రంధ్రాన్ని మూసింది. వేళ్ళ మధ్య క్యాథెటర్‌ను మెల్లగా తిప్పుతూ బయటికి లాగుతోంది. తెర మూలన అంకెలు: ఆరు, ఏడు, ఎనిమిది. పది దగ్గర క్యాథెటర్ బయటపడింది. వెంటనే ఆక్సిజన్.

గదంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది.

"ఇంకోటి చూడండి. మళ్ళీ బిగపట్టండి."

ఈసారి చెయ్యి తొందరలో ఉంది. ముందు ఆక్సిజన్ పెంచలేదు. లోపలికి దించేటప్పుడే బొటనవేలు రంధ్రం మీద ఉంది. కఫం ఇంకా ఉందేమోనని అక్కడే పైకీ కిందికీ ఆడిస్తోంది. పదిహేను. పద్దెనిమిది. మీ ఛాతీ బిగుసుకుంటోంది. ముందు వరుసలో ఒకమ్మాయి వదిలేసింది, ఆమెను చూసి ఇంకొకామె. ఇరవై రెండు, ఇరవై మూడు. గోడ పక్కన కునుకు తీస్తున్న నర్సు ఇప్పుడు నిటారుగా కూర్చుని ఉంది. ఇరవై ఐదుకు క్యాథెటర్ బయటికొచ్చేసరికి గదిలో ఒక్కరు కూడా మిగల్లేదు.

"మీ ఊపిరితిత్తులు బాగున్నాయి. మంచం మీదున్న ఆయనవి బాగాలేవు కాబట్టే గొట్టం వేశాం. ఇరవై ఐదు సెకన్లు మీరే ఆగలేకపోయారు," అన్నారు మేడం.

ఇందులో ఉన్న కిటుకు చాలా చిన్నది. సక్షన్ కఫాన్ని మాత్రమే లాగదు, ఊపిరితిత్తుల్లో ఉన్న ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. క్యాథెటర్ శ్వాసనాళం గోడను రాచుకుంటే గుండె వేగం హఠాత్తుగా పడిపోవచ్చు. అందుకే ముందుగా నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. క్యాథెటర్ లావు గొట్టం లోపలి వ్యాసంలో సగానికి మించకూడదు. పెద్దవాళ్ళకు పీల్చే ఒత్తిడి సాధారణంగా 80 నుంచి 120 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండాలి. మొత్తం పని పది, మహా అయితే పదిహేను సెకన్లలో అయిపోవాలి. ఇదంతా పుస్తకంలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే ఈ గదిలో అందరూ. పదిహేను సెకన్లు రోగికి ఎంత పొడవో మాత్రం వాళ్ళ ఛాతీకి తెలిసింది ఇప్పుడే.

గోడ పక్కనుంచి ఒక సీనియర్ సిస్టర్ చెయ్యెత్తింది. "మేడం, వీడియోలో సెలైన్ పొయ్యలేదు. కఫం గట్టిగా ఉంటే మేం ముందు సెలైన్ పోసి లాగుతాం. ఇన్నేళ్ళుగా అట్లాగే చేస్తున్నాం."

మేడం నవ్వలేదు, తప్పుపట్టలేదు. సక్షన్ చేసిన ప్రతిసారీ అలవాటుగా సెలైన్ పొయ్యడం వల్ల మేలు రుజువు కాలేదనీ, గొట్టం గోడకు పట్టి ఉన్న క్రిములు దాంతోపాటు లోతుకు జారవచ్చనీ చెప్పి, వీడియోను ఆ చోటికి వెనక్కి జరిపి మళ్ళీ వేశారు. పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషి అలవాటును అందరి ముందూ దిద్దడం కష్టమైన పని. ఇక్కడ మేడం చేతికి బదులు తెర మీద చెయ్యి దిద్దింది. సిస్టర్ రెండోసారి చూసి తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.

ఈ తరగతి గది ఉన్నది ధర్మపురిలో. మన గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఉన్న ధర్మపురి వేరు. ఇది తమిళనాడు వాయవ్యాన, హొగెనక్కల్ దగ్గర కావేరి రాళ్ళ మధ్య దూకే జిల్లా. 1965లో సేలం నుంచి విడిపోయింది, 2004లో దీంట్లోంచి కృష్ణగిరి విడిపోయింది. ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయిక్కడ. పేరులోనే రెడ్డి ఉన్న పాప్పిరెడ్డిపట్టి అనే తాలూకా ఉంది. కృష్ణగిరి జిల్లా దాటితే మన కుప్పం. ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో వచ్చింది. ఇలాంటి నర్సింగ్ తరగతి గదులు జిల్లాలో చాలానే ఉన్నాయి, ఫలానాది అని పేరు పెట్టనక్కర్లేదు.

ఈ జిల్లాలో అత్యవసర వార్డుకు ఎవరొస్తారో తెలియాలంటే ఒకసారి మ్యాపు చూడండి. బెంగళూరు నుంచి సేలం వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి తొప్పూరు ఘాట్‌లో దిగుతుంది. బరువుతో దిగే లారీలకు బ్రేకులు పట్టక జరిగే ప్రమాదాలకు ఆ ఘాట్ పేరుమోసింది. అరూరు వైపు సిత్తేరి కొండలు, అక్కడి గిరిజన ఊళ్ళ నుంచి పాము కరిచిన మనిషిని కిందికి దించడానికే బోలెడు సమయం పోతుంది. చుట్టూ టమాటా, మామిడి, చెరకు, పూలతోటలు. తోటలున్న ప్రతి ఇంట్లో పురుగుమందు డబ్బా. ఈ మూడు దారుల్లో వచ్చే మనిషికీ మొదటి గంటలో కావలసింది ఊపిరి. గొట్టం వేసేది డాక్టరే అయినా, ఆ గొట్టం పక్కన ఇరవై నాలుగు గంటలూ నిలబడేది నర్సు.

టీ తాగి వచ్చారు. రెండో వీడియో.

మంచం మీద ఒక రైతు. వేషం కట్టింది వార్డులో పనిచేసే ఉద్యోగి, ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. మొదటి క్షణం నవ్వులు కూడా వినిపించాయి. పురుగుమందు తాగి వచ్చి మూడో రోజు. మొదటి రాత్రి నోటి వెంట నురగ, సూదిమొనల్లా కుంచించుకుపోయిన కంటిపాపలు, తడిసి ముద్దయిన ఛాతీ. విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చారు. ఐదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేసుకుంటూ, ఛాతీలో గరగర పోయి, నాడి ఎనభై దాటి, రక్తపోటు నిలబడేదాకా ఇచ్చారు. ఇప్పుడు తేరుకున్నాడు. భార్యతో మాట్లాడుతున్నాడు. అట్రోపిన్ తగ్గించారు. రేపు జనరల్ వార్డుకు మార్చేద్దామన్నారు. మానిటర్ మీద రక్తంలోని ఆక్సిజన్ శాచురేషన్ 97.

తెర మీద నర్సు అతని దగ్గరికొచ్చి, "అన్నా, దిండు మీద నుంచి తల ఎత్తండి," అంది.

అతను ఎత్తబోయాడు. గడ్డం కాస్త లేచింది, వణికింది, మెడ నిలపని పసిబిడ్డకు మల్లే తల వెనక్కి పడిపోయింది.

గదిలో నవ్వులు ఆగిపోయాయి.

"ఇప్పుడు ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి."

పొద్దున ఇరవై దాకా లెక్కపెట్టిన మనిషి. ఇప్పుడు పదకొండు దగ్గర ఆగిపోయాడు. శాచురేషన్ ఇంకా 97 దగ్గరే ఉంది.

మేడం వీడియో ఆపి, తెర మీద ఆ 97ను పెన్నుతో చూపించారు. "ఈ అంకెను చూసి మీరు వెళ్ళిపోతే, రెండు గంటల తర్వాత వచ్చేసరికి ఈయన నీలంగా ఉంటాడు."

దీనికి వైద్యంలో మధ్యంతర సిండ్రోమ్ అని పేరు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు తాగిన కొందరిలో ఒకటో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య, మొదటి ప్రమాదం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకునే వేళలో వస్తుంది. ముందు మెడ కండరాలు, తర్వాత భుజాలు, తొడలు, ఆ తర్వాత ఊపిరి ఆడించే కండరాలు బలహీనపడతాయి. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరళ్ళియద్ద దీన్ని మొదటిసారి స్పష్టంగా వర్ణించారు. పరికరం అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు. తల ఎత్తమని అడగడం, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టించడం, ఆ అంకెను చార్టులో రాయడం, రెండు మూడు గంటలకు మళ్ళీ అడగడం. అంకె తగ్గుతుంటే డాక్టరుకు ఫోను. కండరాలు కోలుకునేదాకా వెంటిలేటర్ మీద నిలబెడితే మనిషి బతికి ఇంటికెళ్ళగలడు.

నా దృష్టిలో వీడియో బోధనకు ఇంతకన్నా మంచి వాదన లేదు. ఐసీయూలో పాఠాలు టైంటేబుల్ ప్రకారం జరగవు. ఆ తల వణికి పడిపోయే క్షణం ఏ అర్ధరాత్రో వస్తుంది. ఆ షిఫ్టులో ఉన్న ఒక్క విద్యార్థి చూస్తుంది, మిగతా అందరూ పుస్తకంలో 'మెడ కండరాల బలహీనత' అన్న మూడు మాటలు చదువుకుని బయటికొస్తారు. ఒకసారి తెర మీద చూసినవాళ్ళకు ఆ వణుకు గుర్తుంటుంది. కట్లపాము కరిచిన మనిషికీ ఇదే చూపు కావాలి. నేల మీద పడుకున్నప్పుడు కరుస్తుంది, నొప్పి తెలియదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. నిద్రమత్తు అనుకునేవాళ్ళు ఉన్నారు. వాలిన రెప్ప ఎట్లా ఉంటుందో ముప్పై సెకన్ల వీడియో చూపించినంత బాగా ఏ వాక్యమూ చూపించలేదు.

తెలుగు పాఠకులకు పురుగుమందు కథ కొత్త కాదు. 1997 నుంచి 2002 వరకు వరంగల్ ఆసుపత్రిలో పురుగుమందుల విషంతో చేరినవాళ్ళను ఒక అధ్యయనం లెక్కగట్టింది. మొత్తం 8040 మంది. నూటికి ఇరవై రెండు మందికి పైగా చనిపోయారు. పత్తి చేలల్లో అయినా టమాటా తోటల్లో అయినా ఈ రకం మందు శరీరంలో చేసేది ఒకటే, దానికి కావలసిన నర్సింగూ ఒకటే. ధర్మపురిలో తీసిన ఈ మూడు నిమిషాల వీడియోకు తెలుగులో మాటలు చేరిస్తే వరంగల్‌లోనూ గుంటూరులోనూ అక్షరం మార్చకుండా పనికొస్తుంది.

లైట్లు వేశారు. ఒక కాగితం అందరికీ పంచారు. పొద్దున వచ్చీరాగానే నింపిన కాగితమే, అవే ప్రశ్నలు. వీడియో చూడకముందు ఎన్ని మార్కులు, చూశాక ఎన్ని మార్కులు. తమిళనాడు డాక్టర్ ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయానికి ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులు సమర్పించే పరిశోధన వ్యాసాల్లో ఈ పద్ధతి తరచూ కనిపిస్తుంది: ముందు పరీక్ష, వీడియో సాయంతో బోధన, తర్వాత పరీక్ష. మార్కులు పెరుగుతాయి. అప్పుడే చూసిన దాని మీద అప్పుడే అడిగితే పెరగకుండా ఎట్లా ఉంటాయి? ఆ పిల్లల శ్రమను తక్కువ చెయ్యడం లేదు. అడగాల్సిన ప్రశ్న వేరేది ఉంది. మూడు నెలల తర్వాత, మంచం దగ్గర, ఎవరూ పాఠం గుర్తుచెయ్యని వేళ, ఆ నర్సు సక్షన్‌కు ముందు ఆక్సిజన్ పెంచిందా? చెక్‌లిస్టు పట్టుకుని పక్కన నిలబడి చూస్తే తప్ప అది తేలదు. కాగితం మీద పెరిగిన మార్కు దగ్గర ఆగిపోయే పరిశోధన రోగి దాకా చేరలేదనే నేనంటాను.

అందుకే ఈ తరగతి ఇక్కడితో ముగియదు. పదండి, పక్క గదికి.

స్కిల్ ల్యాబ్. బల్లల మీద రబ్బరు మనుషులు. నడుం దాకానే ఉన్న బొమ్మలు కొన్ని, పసిబిడ్డంత చిన్న బొమ్మలు రెండు. ఊపిరాడని మనిషికి గాలి ఊదడం నేర్పే బొమ్మను నార్వేలో బొమ్మల వ్యాపారి అస్మండ్ లేర్డాల్ 1960లో తయారుచేశాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా దాని ఛాతీ మీదే చేతులు పెట్టి నేర్చుకుంటోంది. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఇలాంటి సిమ్యులేషన్ సాధనకు చోటిచ్చింది కూడా.

మీ ఎడమ చెయ్యి చాపండి. బొటనవేలూ చూపుడువేలూ వంచి మాస్కు మీద గుండ్రంగా పట్టు వెయ్యండి. మిగతా మూడు వేళ్ళు దవడ ఎముక కింద పెట్టి ముఖాన్ని మాస్కులోకి ఎత్తండి. మాస్కును ముఖం మీదికి అదమకూడదు. దవడనే పైకి తేవాలి. కుడి చేత్తో గాలి ఊదే ఆంబు బ్యాగ్ నొక్కండి. బొమ్మ ఛాతీ లేవలేదు కదా? మాస్కు పక్కనుంచి గాలి బుస్సుమని పోయింది. మళ్ళీ. చిటికెన వేలు దవడ మూలకు జరపండి. తల కాస్త వెనక్కి వంచండి. ఇప్పుడు నొక్కండి. లేచింది. నొక్కి, వదిలి, ఐదారు సెకన్లకు ఒకటి. ఎక్కువ నొక్కితే గాలి పొట్టలోకి వెళ్ళి వాంతి అవుతుంది. రెండు నిమిషాలయ్యేసరికి మీ మణికట్టు లాగుతోంది.

ఈ పని నుంచే ఐసీయూ అన్న ఆలోచన పుట్టింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడి, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులకు యంత్రాలు చాలక, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టి, చేత్తో బ్యాగ్ నొక్కించాడు. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులేసుకుని పగలూ రాత్రీ నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ఇప్పుడు మన జిల్లా ఆసుపత్రుల్లో కరెంటు పోయి వెంటిలేటర్ ఆగినా, అంబులెన్సులో సేలానికి తరలించేటప్పుడు ఆక్సిజన్ అయిపోయినా, చివరికి మిగిలేది ఆ చెయ్యే.

పక్క బల్ల దగ్గర సీపీఆర్. ఫోనులో మెట్రోనోమ్ టిక్కుటిక్కుమంటోంది. నిమిషానికి 100 నుంచి 120, లోతు ఐదు నుంచి ఆరు సెంటీమీటర్లు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. తెర మీద చూసినప్పుడు ఇది తేలికగా కనిపించింది. ఇక్కడ మొదటి నిమిషంలోనే అమ్మాయిల భుజాలు అలిసి, లోతు నాలుగుకు పడిపోతోంది. మేడం ఒకమ్మాయి సాధనను ఫోనులో తీసి వెంటనే ఆమెకే చూపించారు. "నీ మోచేతులు చూడు." వంగి ఉన్నాయి. ఆ అమ్మాయి ఏమీ అనకుండా మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు కర్రల్లా నిలబెట్టి మొదలుపెట్టింది. ఇతరుల చేతులు చూసి నేర్చుకోవడం ఒక ఎత్తు, తన చేతుల్ని తాను బయటినుంచి చూసుకోవడం ఇంకో ఎత్తు. ఖరీదైన సామగ్రి లేని కళాశాల కూడా ఈ రెండోది చెయ్యగలదు.

పసిబిడ్డ బొమ్మల దగ్గర అందరూ నెమ్మదించారు. 2014 నవంబరులో ధర్మపురి ప్రభుత్వ ఆసుపత్రిలో కొద్ది రోజుల్లోనే పదిమందికి పైగా పసికందులు చనిపోయారు. దేశమంతా ఆ వార్త చదివింది. తక్కువ బరువుతో పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం అప్పుడు పదేపదే వినిపించిన కారణాలు. కేంద్ర ప్రభుత్వం 2009లో మొదలుపెట్టిన నవజాత శిశు సురక్షా కార్యక్రమం ప్రసవం చేసే ప్రతి నర్సుకూ నేర్పదలచుకున్నది ఈ ఒక్క నిమిషం గురించే: తుడవాలి, వెచ్చగా ఉంచాలి, మెడ సరిగ్గా పెట్టాలి, వీపు రుద్దాలి, అప్పటికీ ఏడవకపోతే నిమిషం నిండేలోపు బ్యాగ్‌తో ఊపిరి మొదలవ్వాలి. బిడ్డ బొమ్మ ఛాతీ కాస్త లేస్తే చాలు. కుప్పం అమ్మాయి మొదటిసారి గట్టిగా నొక్కేసింది, రెండోసారి రెండు వేళ్ళతో నొక్కింది. ఛాతీ లేచింది. ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి, లెక్క తెలుగులోనే.

కొన్ని నెలలు గడిచాయనుకోండి. ఆ అమ్మాయి ఇప్పుడు ఐసీయూలో స్టాఫ్ నర్సు. రాత్రి మూడు గంటలు. మీరు ఆమె భుజం వెనక నిలబడ్డారు. నాలుగో మంచం వెంటిలేటర్ కూత మొదలుపెట్టింది. ఒత్తిడి ఎక్కువని ఎర్రగీత. శాచురేషన్ 93, 91, 88. బయట బెంచీ మీదున్న రోగి తమ్ముడు తలుపు అద్దానికి ముఖం ఆనించాడు.

ఆమె కూతను నొక్కి ఆపి ఊరుకోలేదు. యంత్రం నుంచి గొట్టం విడదీసింది, ఆంబు బ్యాగ్ తగిలించింది, ఆక్సిజన్ పూర్తిగా తిప్పింది. "డాక్టర్‌ను పిలు అక్కా!" అని రెండో నర్సుకు కేకేసింది. బ్యాగ్ గట్టిగా ఉంది, గాలి వెళ్ళడం లేదు. అంటే తప్పు యంత్రంలో లేదు. గొట్టం జారిందా? పెదవి దగ్గర గుర్తు ఇరవై రెండు, సాయంత్రం హ్యాండోవర్‌లో రాసిన అంకే. ఛాతీ రెండు వైపులా ఒకేలా ఉందా? ఉంది. మరి మూసుకుపోయిందా? క్యాథెటర్ దించింది, సగంలో ఆగింది. బొటనవేలు మూసి, తిప్పుతూ లాగింది. పెదవులు కదులుతున్నాయి. ఏడు, ఎనిమిది. గట్టిపడ్డ కఫం ముక్క క్యాథెటర్ వెంట వచ్చింది. మళ్ళీ బ్యాగ్. ఈసారి మెత్తగా నొక్కుకుంది. 88, 90, 94. డాక్టర్ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆమె గ్లవ్ తీసి చార్టులో టైము రాస్తోంది.

గొట్టం జారడం, మూసుకుపోవడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, యంత్రం చెడడం. ఈ నాలుగింటినీ వరసగా తీసెయ్యడం ఐసీయూల్లో నేర్పుతారు. కూత మోగుతుండగా ఫోను తీసి వీడియో చూసుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. అంతకుముందే, మళ్ళీ మళ్ళీ, చూసీ చేసీ ఉండాలి. సీపీఆర్ లాంటి నైపుణ్యాలు నేర్చుకున్న మూడు నుంచి ఆరు నెలల్లో సడలిపోతాయని అధ్యయనాలు పదేపదే చెప్పాయి. ఏడాదికొక రోజు బ్యానర్ కట్టి, సర్టిఫికెట్లు పంచి, గ్రూపు ఫొటో తీసుకునే శిక్షణ ఈ సడలింపుకు మందు కాదు. నెలకు ఇరవై నిమిషాలు చాలు, వార్డు పక్క గదిలో ఒక వీడియో, ఒక బొమ్మ, ఒక చెక్‌లిస్టు.

ఎలాంటి వీడియో అన్నది కూడా ముఖ్యమే. కోవిడ్ తొలి నెలల్లో, 2020 ఏప్రిల్‌లో, కేంద్రం ఐగాట్ పేరుతో ఆన్‌లైన్ పాఠాలు తెచ్చినప్పుడు దేశమంతటి నర్సులు ఫోనుల్లో వెంటిలేటర్ పాఠాలు చూశారు. ఆ అవసరానికి అది తప్పలేదు. విదేశీ ఆసుపత్రుల్లో తీసిన వీడియోలు మాత్రం జిల్లా నర్సును తరచుగా ఒంటరిని చేస్తాయి. అక్కడి గదిలో ఒక రోగికి ఒక నర్సు, చెయ్యి చాస్తే అందే సామాను, ఈమె ఎన్నడూ చూడని క్లోజ్డ్ సక్షన్ సెట్టు. ఇంగ్లీషు వేగంగా పోతుంది. పాఠం మంచిదే, కానీ తన వార్డులో అది జరగదని ఆమె మనసు ముందే తేల్చేసుకుంటుంది.

తన వార్డులోనే తియ్యాలి. తన వెంటిలేటర్, తన సక్షన్ మిషన్, తన ట్రేలో ఉండే క్యాథెటర్. ఒక వీడియోకు ఒకే పని, మూడు నుంచి ఆరు నిమిషాలు. కెమెరా నర్సు భుజం మీద నుంచి చూడాలి, అప్పుడు కుడి కుడిగానే ఎడమ ఎడమగానే ఉంటుంది. ఎదురుగా నిలబడి తీస్తే చూసేవాళ్ళు ప్రతి కదలికనూ మనసులో తిరగేసుకోవాలి. సరిగ్గా చెయ్యడంతోపాటు తప్పుగా చెయ్యడమూ చూపించాలి, ఇందాకటి ఇరవై ఐదు సెకన్లలా. రోగి ముఖం, పేరు, కేస్ షీట్ కనిపించకూడదు. వీలైనంతవరకు బొమ్మ మీదో, ఒప్పుకున్న సిబ్బంది మీదో తియ్యాలి. ఐసీయూ డాక్టరూ అనుభవమున్న సిస్టరూ చూసి సరేనన్నాకే వాడాలి. మాటలు నర్సులు మాట్లాడుకునే భాషలో ఉండాలి: సరిహద్దు జిల్లాల్లో తమిళం, తెలుగు, కన్నడం మూడూ. దీనికి మంచి ఫోను చాలు, ఓపికున్న ట్యూటర్ చాలు.

ఇక మిగిలింది సమయం. పొద్దున గోడ పక్కన రెప్పలు వాలుస్తూ కూర్చున్న ఆ నర్సు రాత్రంతా ఐసీయూలో నిలబడి వచ్చింది. ఆమెకు ఆ రెండు గంటలు సెలవూ కాదు, డ్యూటీ కూడా కాదు. ఆసుపత్రులు నడిపేవాళ్ళు, కళాశాలలు నడిపేవాళ్ళు, జిల్లా ఆరోగ్య అధికారులు ఈ వ్యాసం చదివితే నా విన్నపం ఒక్కటే. శిక్షణ గంటల్ని డ్యూటీ గంటలుగా రోస్టర్‌లో రాయండి, ఆ వేళకు వార్డులో బదులు మనిషిని పెట్టండి, మూడు నెలలకోసారి మంచం దగ్గరే చెక్‌లిస్టుతో చూడండి. మీ ఇంట్లో నర్సు ఉంటే, ఈ మూడూ తన ఆసుపత్రిలో జరుగుతున్నాయేమో ఈ రోజే అడగండి.